రమ్మన్నవాడు బ్రేకు వేస్తాడా

ఆయన పోయాడని ఫోన్ చేసి చెప్పింది పెనుకొండలో పనిచేసే టీచరమ్మ. ఒకప్పుడు మేమంతా ఒకే కారులో వెళ్ళేవాళ్ళం. "మన డ్రైవరన్న పోయినాడంట మేడం. మధ్యాహ్నం అన్నం తిని పండుకున్నోడు మళ్ళా లేయలేదంట" అంది. బ్యాంకులో కౌంటరు ముందు జనం నిలబడి ఉండగానే ఫోన్ పక్కన పెట్టి ఊరికే కూర్చుండిపోయాను. విచిత్రమేమిటంటే ఆయన ముఖం నాకు వెంటనే గుర్తు రాలేదు. రోజూ ఆయన వెనక సీట్లో కూర్చున్నదాన్ని. నాకు బాగా తెలిసినవి ఆయన మెడ, అద్దంలో కళ్ళు, కిటికీలోంచి బయటికి చాచిన కుడిచెయ్యి. ముందు ఆ చెయ్యే గుర్తొచ్చింది.

మా ఇల్లు హిందూపురంలో, నా ఉద్యోగం ధర్మవరంలో. రైళ్ళ వేళలకూ బ్యాంకు వేళలకూ ఏనాడూ పొత్తు కుదరలేదు. అందుకని పెనుకొండలో దిగే టీచర్లు కొందరు, నేను కలిసి నెలవారీగా ఒక కారు మాట్లాడుకున్నాం. కారు వేరే ఓనరుది, నడిపేది ఆయన. పెనుకొండలో టీచర్లు దిగిపోతే అక్కడినుంచి ధర్మవరం దాకా కారులో నేనూ ఆయనా, ఆయన నమిలే వక్కాకు వాసనా మిగిలేవాళ్ళం.

కారెక్కగానే చెప్పులు విప్పి, పాత పేపరులో చుట్టి సీటు కింద తోసేవాడు. వానాకాలమైనా చలికాలమైనా ఒట్టి కాళ్ళతోనే నడిపేవాడు. ఎందుకని అడిగితే, "చెప్పులేసుకుంటే కాలికి చెవుడు వస్తాది మేడం. బండి చెప్పేది దానికి వినపడదు" అనేవాడు. ఇలాంటి మాటలు ఆయన దగ్గర చాలా ఉండేవి. ఎవరైనా వినకపోతే ముఖం ముడుచుకుని సోమందేపల్లి వచ్చేదాకా పలికేవాడు కాదు. సోమందేపల్లిలో టీ తాగాక మళ్ళీ మామూలు మనిషయ్యేవాడు. పొగిడితే ఇష్టం. పొగడకపోతే తానే గుర్తు చేసేవాడు.

ఆయన పొగడ్తంతా బ్రేకు గురించే. పెద్ద స్పీడుగా పోయే మనిషి కాదు, దారులన్నీ తెలిసిన మనిషీ కాదు. అనంతపురంలో ఒకసారి మమ్మల్ని పెళ్ళికని తీసుకెళ్ళి వేరే పెళ్ళి ముందు దించాడు. కానీ కారు ఆగిందంటే, ఆగిన సంగతి బయటి చెట్టును చూస్తేగాని తెలిసేది కాదు. మా టీచరమ్మ కదిలే కారులోనే కాటుక పెట్టుకునేది. ఆమె ఇంట్లో అద్దం చూసుకోవడమే మానేసిందని మేం ఏడిపించేవాళ్ళం. "బ్రేకు తొక్కినట్ల తెలిసిందంటే వాడు ముందర చూడలేదని అర్థం" అనేవాడు ఆయన. దారిలో ఏ లారీ అయినా కీచుమని ఆగితే నాలుక చప్పరించి, "పాపం, ఇప్పుడు మేల్కొన్నాడు" అనేవాడు.

చలికాలంలో, హైవే వదిలి ధర్మవరం దారి పట్టామంటే రోడ్డు మీద ఉలవ చెట్లు పరిచి ఉండేవి. పీకి ఎండబెట్టిన చెట్ల మీద బండ్లు పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి. రైతులకు కట్టెలతో కొట్టే చాకిరీ తప్పుతుంది. చాలామంది డ్రైవర్లు తిట్టుకుంటూ ఖాళీగా ఉన్న పక్కనుంచి పోతారు. ఈయన పనిగట్టుకుని వాటి మీదికే ఎక్కించేవాడు, అదీ నిదానంగా. గట్టున నిలబడ్డ ఆడవాళ్ళు చేతులెత్తి, "ఓ అన్నా, ఇంగొక్కసారి రాప్పా!" అని కేక వేస్తే రివర్సు తీసి మళ్ళీ తొక్కించేవాడు. నాకు ఒళ్ళు మండేది.

"నా బ్యాంకు తాళాలు తీసేది ఆళ్ళా?" అనేదాన్ని.

"మేనేజరు సారుకు గుగ్గిళ్ళు పంపిస్తారులే మేడం" అనేవాడు. నిజంగానే ఒకసారి పంపించారు కూడా.

ఎండిన ఉలవ చెట్ల మీద మోటారు సైకిళ్ళు జారతాయి. అందుకని ఆ ఊళ్ళవాళ్ళు కారు వెనక పడతారు. కారు చక్రం అణగదొక్కిన జాడలో, దానికి ఆనుకున్నంత దగ్గరగా వస్తే పడరు. ఆయన అద్దంలో వాళ్ళను చూసేవాడు. చూసి కుడిచెయ్యి కిటికీలోంచి బయట పెట్టి, అరచేతిని వెనక్కీ ముందుకూ ఊపేవాడు. రా, రా అని. ఉలవలు దాటేదాకా ఆ చెయ్యి లోపలికి వచ్చేది కాదు. దాటాక వాళ్ళు హారను కొట్టి ముందుకు పోతే, ఏదో తన బిడ్డలు పరీక్ష పాసైనట్టు మీసం దువ్వుకునేవాడు. "నా ఎనక వస్తే యాడా పడరు మేడం" అనేవాడు.

అలా సాగుతుండగా ఓనరు కొత్త కారు కొన్నాడు.

పూజ రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ఓనరు భార్య హారతి పళ్ళెం పట్టుకుని ముందు నిలబడితే కారు ఆమెను చూసి కీకీమని అరిచింది. ఓనరు మురిసిపోయాడు. "దీనికి కండ్లుండాయప్పా. ముందర ఏమన్నా అడ్డమొస్తే దానంతట అదే బ్రేకు వేసుకుంటాది. గీత దాటితే స్టీరింగు అదే తిప్పుకుంటాది" అన్నాడు. మా డ్రైవరన్న బానెట్టు మీది పసుపు తుడుస్తూ, "అట్లయితే నేనెందుకప్పా, ఇంట్లో పండుకుంటా" అన్నాడు. అందరం నవ్వాం. 

హైవే మీద కారు బుద్ధిగానే ఉండేది. అక్కడ తెల్లగీతలు స్పష్టంగా ఉంటాయి కాబట్టి వాటి మధ్య చక్కగా పోయేది. ఆయన కూడా ఒప్పుకున్నాడు, "ఈడ మాత్రం మంచిదే" అని. గీతలు చెరిగిపోయిన మా రోడ్ల మీదికి దిగితేనే దానికి పూనకం. గుంత తప్పించడానికి ఆయన స్టీరింగు అటు తిప్పితే అది ఇటు లాగేది. తారు అతుకులను గీతలనుకుని వణికేది. గొర్రెల మంద అడ్డమొస్తే చివరి గొర్రె పోయాక కూడా అరుస్తూనే ఉండేది. కొంతసేపటికొకసారి ముందున్న తెర మీద టీ కప్పు బొమ్మ వచ్చేది, డ్రైవరు అలిసిపోయాడు, ఆగి విశ్రాంతి తీసుకోమని. "ఇప్పుడే తాగినావు కదే" అని దాన్ని కసిరేవాడు. ఆయన దానికి అవ్వ అని పేరు పెట్టాడు. వాళ్ళ అవ్వ కూడా అంతేనట, ఎద్దులబండిలో వెనక కూర్చుని దారంతా సణుగుతూ, ఉన్నట్టుండి ముక్కుతాడు పట్టి లాగేదట.

ఒకరోజు ఎక్కడినుంచో ఒక ప్లాస్టిక్ కవరు ఎగురుకుంటూ వచ్చి కారు ముందు పడింది. కారు గక్కున ఆగింది. టీచరమ్మ కాటుక కంటినుంచి చెవిదాకా గీత గీసింది. మేమంతా పడీపడీ నవ్వాం. ఆయన నవ్వలేదు. కారు పక్కకు తీసి ఆపి, సీట్లో వెనక్కి తిరిగి, "నేను కాదమ్మా, అది" అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. టీచరమ్మ పోనీలే అన్నా వినలేదు. "లేదమ్మా, నా కాలు దాని మీద లేదు. చూడండి కావాలంటే" అని ఒట్టి పాదం ఎత్తి చూపించాడు. అప్పుడు మాకది ముచ్చటగా అనిపించింది.

ఆ తర్వాత షోరూములో ఎవరినో పట్టుకుని, తెర మీద ఏమేం నొక్కితే ఆ బ్రేకు సంగతి ఆగిపోతుందో నేర్చుకొచ్చాడు. నొక్కేశాడు. నిజంగానే ఆగిపోయింది. "అవ్వ పండుకునింది" అని మాకు చెప్పి, ఆ రోజు సోమందేపల్లిలో టీలు తనే ఇప్పించాడు. టీచరమ్మ మళ్ళీ కాటుక డబ్బీ తెచ్చుకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు కారు సర్వీసుకని బెంగళూరు వెళ్ళి, లోపలంతా అత్తరు వాసనతో తిరిగొచ్చింది.

అప్పుడే ఉలవలు పరవడం మొదలైంది.

ఆ రోజు పెనుకొండలో టీచర్లను దింపి, పక్కనే బంకులో డీజిలు కొట్టించుకుని బయలుదేరాం. ధర్మవరం దారిలో ఎండ ఎదురుగా కొడుతోంది. మేనేజరు ఏదో మెసేజి పెడితే నేను ఫోన్ చూసుకుంటున్నాను. చక్రాల కింద ఉలవ చెట్లు చిటపటమనడం వినిపించింది. ఆయన కిటికీ అద్దం దించాడు, చల్లగాలి వచ్చింది. "రాప్పా, రా, నిదానంగా రా" అని వెనక వచ్చే ఎవరితోనో అంటున్నాడు. అప్పుడు కారు గోడకు కొట్టుకున్నట్టు ఆగింది. ఫోన్ ఎగిరిపోయింది. నా నుదురు ముందు సీటుకు తగిలింది. వెనకనుంచి ఒక చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు గురించి నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

తెర మీద ఎర్రటి బొమ్మ వెలిగి ఆరుతోంది. కారు ముందు ఒక ఉలవ కుప్ప, మోకాలెత్తు కూడా లేదు. దాన్ని చూసి ఆగింది ఆ కళ్ళున్న కారు. ఆయన చెయ్యి ఇంకా కిటికీ బయటే ఉంది. "నేను కాదు" అన్నాడు, ఎవరూ అడగకముందే.

వెనక బండి మీద వచ్చినవాడు పక్క ఊరి యువకుడు. ధర్మవరంలో సెంట్రింగు పనికి రోజూ పోయేవాడట. ఆస్పత్రికి చేరకముందే పోయాడు. అతని అన్నం క్యారియరు ఉలవ చెట్లలో పడి ఉంటే ఎవరో ఆడమనిషి తీసి కొంగుతో తుడుస్తూ నిలబడింది. ఎవరికివ్వాలో ఆమెకు తెలియలేదు.

పోలీసులు ఆయన్ని ఇబ్బంది పెట్టలేదు. అదే నా కడుపు మంట. "ఎనకొచ్చేవాడే దూరంగా రావల్ల. దగ్గరికొచ్చింది వాని తప్పు. నీకేం భయం లేదులేప్పా, పంట అడ్డముంటే ఎవురైనా బ్రేకు వేస్తారు" అన్నారు.

"నేను వేయలేదు సార్. నా చెయ్యి బయట ఉండాది. ఆ పిలగాన్ని రమ్మంటాండా. రమ్మన్నోడు బ్రేకు వేస్తాడా సార్?"

"మరెవురు వేసినారు?"

"కారు వేసింది."

ఎస్సై గట్టిగా ఊపిరి వదిలి నా వైపు తిరిగాడు. "మేడం, మీరు చదువుకున్నవాళ్ళు. ఈయన కాలు బ్రేకు మీద లేదని మీరు చూసినారా?"

నేను వెనక సీట్లో ఉన్నాను. ఫోన్ చూసుకుంటున్నాను. ముందు సీటు కింద ఉన్న కాలు నాకెలా కనిపిస్తుంది? ఆయన వేయడని చెప్పాను, ఆ కారు ఇంతకు ముందు కూడా ఇలా చేసిందని చెప్పాను, కాటుక సంగతి చెప్పాను. "అవన్నీ సరే మేడం, కాలు చూసినారా?" అన్నాడు. చూడలేదన్నాను. డ్రైవరు పంటను చూసి బ్రేకు వేశాడని రాసుకున్నారు. ఆ మాట తీసేయమని ఆయన స్టేషను మెట్ల మీద నిలబడి బతిమాలితే, "నీ మంచికే రాసినాం కదప్పా, ఇంటికి పో" అన్నారు.

ఓనరుతో కలిసి షోరూముకు పోయొచ్చాడు. వచ్చి మా ఇంటి వరండాలో నిలబడి నాకు చెప్పాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. "బ్రేకు పడిన మాట నిజమంట మేడం. ఎవురు వేసినారో మాత్రం వాళ్ళకు కనపడదంట. కంపెనీ వాళ్ళనడిగితే బండి సరిగ్గానే పనిచేసింది అన్నారంట. సర్వీసులో కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించినారంట. అప్పటినుంచి నేను ఆపేసిందంతా, బండి నిలిపి మళ్ళా స్టార్ట్ చేస్తే తిరిగి మేల్కొంటాదంట. మాకెవురూ చెప్పలేదే సార్ అంటే, తెర మీద వచ్చింటాది, మీరు ఓకే కొట్టింటారు అన్నారు." నన్నే అడిగాడు, "నేను కొట్టింటానా మేడం?"

"అందరం కొడతామన్నా. నేనూ కొడతాను, చదవకుండానే" అన్నాను. అది ఓదార్పో కాదో నాకు తెలియలేదు.

పొద్దున ఇంటి దగ్గర స్టార్టు చేశాడు, పెనుకొండ బంకులో డీజిలు కోసం ఇంజను ఆపి మళ్ళీ స్టార్టు చేశాడు. అంతే జరిగింది. అవ్వ పడుకుని ఉందనుకుని ఆయన చెయ్యి బయటపెట్టాడు.

తర్వాత ఆయన ఆ కారు తాళం పట్టలేదు. ఏ కారుదీ పట్టలేదు. ఓనరు వేరే మనిషిని పెట్టుకున్నాడు. మేము నెల తిరక్కుండానే ఆ కారు మానేసి రైళ్ళూ బస్సులూ పట్టుకున్నాం. ఈయన మాత్రం సోమందేపల్లి టీ కొట్టు దగ్గరికి బస్సులో వెళ్ళి మరీ కూర్చునేవాడట. తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ బెంచీ మీద కూర్చుని చేసి చూపించేవాడట. ఇదిగో చెయ్యి ఇట్ల బయట, ఇదిగో కాలు ఈడ. రమ్మన్నోడు బ్రేకు వేస్తాడా? విన్నవాళ్ళు అవునవునని తల ఊపి, ఆయన బస్సెక్కాక, వయసైపోయింది, కంగారులో తొక్కేసుంటాడు, ఒప్పుకోలేకపోతున్నాడు పాపం అనుకునేవాళ్ళు. ఎవరికీ ఆయన మీద కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేది. జాలిపడి, నమ్మకుండా వదిలేశారు.

ఇంటికి చూడ్డానికి వెళితే గడప పక్కన అరుగు మీద కనిపించేవాడు. కుడికాలు మడిచి తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు. ఎంతసేపున్నా ఆ పాదం నేల మీద పెట్టేవాడు కాదు. ఆయన భార్య పూలు కట్టి అమ్మే మనిషి, నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే. "చెప్పండి మేడం మీరైనా. ఈయన వేయలేదని నాకు తెలుసు. నేను నమ్మితే సాలదంట ఈయనకు" అనేది మూర మీద మూర కొలుస్తూ. ఆయన తల దించుకుని నవ్వేవాడు. ఆయన్ని నమ్మిన మనిషి ఆమె ఒక్కతే, నేను కాక.

ఒక ఆదివారం ఆయన మా ఇంటికొచ్చి, "ఆ పిలగాని ఊరికి పోవల్ల మేడం. వాళ్ళ నాయనకు చెప్పల్ల. నేను ఒగన్నే పోతే బాగుండదు, మీరు బండిలో ఉన్నోళ్ళు" అన్నాడు. మా ఆయన వద్దన్నాడు. నాకూ భయంగానే ఉంది. అయినా వెళ్ళాను. బస్సులో ఆయన కిటికీ పక్క కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ ఇంటి ముందు వేపచెట్టు కింద మంచం వాల్చి మమ్మల్ని కూర్చోబెట్టారు. పోయినవాడి తండ్రి కూలిపని చేసే మనిషి. ఎదురుగా గొంతుక్కూర్చుని అంతా విన్నాడు. మా డ్రైవరన్న మంచం మీద కూర్చునే చేసి చూపించాడు, చెయ్యి ఇట్ల, కాలు ఇట్ల. తెర, సాఫ్ట్‌వేరు, ఓకే కొట్టడం, అన్నీ చెప్పాడు. చెప్పడం అయిపోయాక తండ్రి నన్నడిగాడు.

"నువ్వు చూసినావామ్మా?"

"నేను వెనక ఉన్నాను నాయనా. కాలు కనపడలేదు. కానీ ఈయన అబద్ధం చెప్పే మనిషి కాదు" అన్నాను.

తండ్రి నేల మీద పుల్లతో ఏదో గీశాడు. తర్వాత నిదానంగా అన్నాడు. "నువ్వు వేయలేదు. సరేప్పా. ఉలవలు పరిచినోళ్ళు మావోళ్ళే, మా చిన్నాయన కూతురు. ఆయమ్మ ఆ పొద్దునుంచి అన్నం ముట్టుకోలేదు, ఆయమ్మనేమనల్ల? బండి చేసినోళ్ళు మా తప్పు లేదంటారు. పోలీసోళ్ళు ఏమంటారు? దగ్గరికి పోయినాడు, వానిదే తప్పంటారు. నువ్వూ కాదంటివి. ఇంగ మిగిలిందెవురప్పా? నా కొడుకే కదా. సచ్చిపోయిన వాని మీదికే వచ్చి పడ్తాంది. వాడు నీ చెయ్యి చూసి వచ్చినాడు. నువ్వు రమ్మంటేనే కదా వచ్చినాడు."

లోపలినుంచి అతని తల్లి గుమ్మం దాకా వచ్చి నిలబడింది.  మా డ్రైవరన్న తొడ కింద మడిచి పెట్టుకున్న కుడికాలు తీసి నేల మీద పెట్టాడు.

"నేనే వేసినా నాయనా" అన్నాడు. "నీ కొడుకుది ఏం తప్పు లేదు. నేను రమ్మని, నేనే తొక్కినా."

నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు చూశాడు. అద్దంలోంచి అన్నాళ్ళూ చూసిన కళ్ళు, ఇప్పుడు సూటిగా చూశాయి. నేను నోరు మూసుకున్నాను. ఆ తల్లి పరుగున వచ్చి దోసిలితో మట్టి తీసి ఆయన ముఖాన పోసింది. నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన కళ్ళు తుడుచుకోలేదు. తండ్రి మాత్రం పుల్ల కింద పారేసి, తల మోకాళ్ళలో పెట్టుకుని, అప్పుడు ఏడ్చాడు. కొడుకు పోయాక అతను ఏడవడం అదే మొదలని ఆ ఊరివాళ్ళు బస్టాపు దగ్గర మాకు చెప్పారు.

తిరుగు బస్సులో నేను ఆపుకోలేక అడిగాను. "ఎందుకట్లా చెప్పినారన్నా?"

"ఆ పిలగాని తప్పు కాదు కదా మేడం."

"మీదీ కాదు కదా!"

"కాదని తెలిసినోళ్ళు ఎవురుండారు?"

"నేను లేనా?"

"మీరు చూల్లేదు కదా మేడం" అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు, బస్సు టికెట్టు సంగతి మాట్లాడినంత మామూలుగా అన్నాడు. 

ఆ మాట ఊళ్ళు దాటి వచ్చింది. ఒప్పుకున్నాడంట కదా అన్నాడు ఓనరు. చెప్పినాం కదా అన్నారు టీ కొట్టు దగ్గర. ఆయన మళ్ళీ చెయ్యి చాచి చూపించడం, రమ్మన్నోడు బ్రేకు వేస్తాడా అనడం ఎవరూ వినలేదు. అరుగు మీద మాత్రం రెండు కాళ్ళూ కింద పెట్టుకుని కూర్చునేవాడు. చిక్కిపోయాడు. నేను వెళితే వాతావరణం మాట్లాడేవాడు. భార్య పూలు కడుతూ ఒక్కోసారి చెయ్యి ఆపి ఆయన్ని చూసేది. అడగాలనుకున్నది అడగలేక మళ్ళీ దారం లాగేది.

చావు కబురు విన్న రోజు మేనేజరును అడిగి, ధర్మవరంలో ఒక కారు మాట్లాడుకుని బయలుదేరాను. అదీ అలాంటి కారే. ఇప్పుడు ఎక్కడ చూసినా అవే. సోమందేపల్లి దాటాక రోడ్డు మీద చెట్టు నీడ ఒకటి పడి ఉంటే కారు గక్కున వేగం తగ్గి కీకీమంది. డ్రైవరు పకపకా నవ్వి, "సాఫ్ట్‌వేరు మేడం. దానికి నీడను చూసినా బెదురే. దానంతట అదే తొక్కేస్తాది, అందరికీ తెలిసిందే కదా" అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ మనిషి ఊరూరా తిరిగి అడుక్కున్న మాట ఇదే. ఇప్పుడు ఎవరడక్కపోయినా, ఊసుపోక అంటున్నారు.

ఇంటి ముందు చాపమీద పడుకోబెట్టి ఉన్నారు. కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి తెల్లగుడ్డతో కట్టారు. అరికాళ్ళు పగుళ్ళు తేలి, చెప్పులెరగని మనిషి కాళ్ళలా ఉన్నాయి. ఆయన భార్య నన్ను చూసి లేచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నా చెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకెళ్ళింది.

"మేడం, ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దండి. నాతో వేయలేదు వేయలేదు అంటా వచ్చినాడు. ఆళ్ళ ఊరికి పోయి నేనే వేసినా అన్నాడంట. ఎన్నోసార్లు అడగల్లనుకున్నా. అడిగితే ఏం చెప్తాడోనని భయం. అడగనే లేదు. ఇప్పుడు ఎవుర్నడగల్ల? నాతో అబద్ధం చెప్పినాడా, ఆళ్ళతో చెప్పినాడా?"

"వాళ్ళతో చెప్పాడమ్మా. ఆయన వేయలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "మీరు కండ్లారా చూసినారా?"

ఎస్సై అడిగాడు, ఆ తండ్రి అడిగాడు. ఇద్దరికీ ఉన్నదే చెప్పాను.

"చూశాను" అన్నాను. "చెయ్యి బయట ఉంది. కాలు బ్రేకు మీద లేదు. నేను చూశాను."

ఆమె చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. తర్వాత వదిలి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి చాప పక్కన కూర్చుంది. ఆయన చెవి దగ్గరికి వంగి అంది.

"ఏమయ్యా, ఇన్నావా? మేడం చూసిందంట."